మూడు లక్షల నాలుగు వందల పదిహేడు

తీగ కట్టింది తానేనని, వేళ్ళు పోయిన అమ్మాయి అన్న ఒప్పేసుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేరం ఒప్పుకున్నవాడితో పరిశోధకుడికి పనేముంటుంది? సంతకం పెట్టించుకుని, ఇచ్చిన టీ తాగేసి వెళ్ళిపోవచ్చు. కానీ రేకులు వంచే ఆ ఫ్యాక్టరీవాళ్ళు పిలిపించిన మనిషి అలాంటివాడు కాదు. ఏం చెప్పినా "ఎన్ని సెకన్లకి?" అని అడిగి ప్రాణం తోడేస్తాడు. వచ్చిన గంటలోపే షెడ్డులో అందరూ సెకన్ల సారు అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఆయన చెవిన పడనే పడింది. పైకి చిరాకు పడ్డాడు గానీ లోలోపల మురిసిపోయాడు కూడా. సెకన్ల దగ్గర తనను తప్పుపట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మధ్యాహ్నం రెండయ్యేదాకా కూడా నిలవలేదు.

జరిగింది ఇదీ. మంగళవారం పదకొండు నలభై రెండుకి షెడ్డు మెయిన్ పడిపోయి కరెంటు పోయింది. మూడో నంబరు ప్రెస్సులో రేకు ఇరుక్కుంది. ఆ ప్రెస్సు ముందు పనిచేసే అమ్మాయి గేటు తీసి, రేకు లాగడానికి చెయ్యి లోపల పెట్టింది. అంతలో కరెంటొచ్చింది. గేటు తెరిచి ఉంటే కదలకూడని ప్రెస్సు కిందికి దిగింది. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. తర్వాత చూస్తే గేటు సెన్సర్ స్క్రూలు రెండింటినీ కలుపుతూ పసుపు తీగ చుట్టి ఉంది. గేటు బార్లా తెరిచినా మూసే ఉందని మిషన్ని నమ్మించే దొంగపని అది. ఆ షెడ్డు ఎలక్ట్రీషియన్ స్వయానా ఆ అమ్మాయి అన్న. సాయంత్రం నాలుగింటికి పోలీసులొచ్చి అతన్ని తీసుకెళ్ళాలి. ఇవాళ శుక్రవారం, పదకొండు ఇరవై అయింది.

సామాన్ల గదిలో ఇద్దరే కూర్చున్నారు. అన్న తల ఎత్తడం లేదు. పని తొందరగా అవుతుందని తీగ తనే కట్టానని, ఇంకేమీ అడగొద్దని, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానని చెప్పాడు. సారు అంతా విని మూడే ప్రశ్నలు వేశాడు.

"ఏ రంగు తీగ?"

"ఎర్రది."

"ఎన్ని మెలికలు తిప్పావు?"

"రెండు."

"మిగిలిన కొస ఏం చేశావు?"

"కత్తిరించేశాను సార్. వదిలేస్తే గుచ్చుకుంటుంది. మా పనివాళ్ళెవరూ కొస వదలరు."

సారు పుస్తకంలో రాసుకున్నాడు. తీగ పసుపుది. మెలికలు మూడు. కొస కత్తిరించలేదు, లోపలికి మడిచిపెట్టారు. "నువ్వు ఆ తీగ మొహం కూడా చూళ్ళేదు. మరి ఎందుకు నెత్తినేసుకుంటున్నావు?" అన్నాడు.

అన్న చివరికి కక్కేశాడు. తీగ సంగతి తనకేమీ తెలీదు, కానీ మెయిన్ హ్యాండిల్ ఎత్తింది తనే. ఎత్తేముందు ఒక్క కేక వేయలేదు. ఎందుకంటే ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ కేక వేయలేదు. కరెంటొచ్చాక ప్రెస్సు నిద్ర లేవడానికి పదకొండు సెకన్లు పడుతుంది. పచ్చదీపం వెలగగానే మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఇరుక్కున్న రేకు లాగేసి చెయ్యి తీసేసుకోవడం అక్కడ తొమ్మిదేళ్ళుగా అందరికీ అలవాటు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. చెల్లెలికి నేర్పింది కూడా అన్నే.

"ఆసుపత్రిలో గోడవైపు తిరిగి పడుకుంది సార్. అన్నయ్యా, ఒక్క కేక వేస్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా అంది. అంతే, మళ్ళీ నాతో మాట్లాడలేదు. తీగ నేను కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే."

"ఆ రోజు పచ్చదీపం వెలిగాక ఎన్ని సెకన్లకి దిగింది?"

అన్న మొదటిసారి తలెత్తాడు. "రెండు. మూడు కూడా కాదు. ఎవరికి చెప్పినా నమ్మట్లేదు సార్."

సారు నమ్మాడు. సెకన్ల గురించి అంత కచ్చితంగా అబద్ధమాడేవాణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు.

మూడో నంబరు ప్రెస్సు దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. సెన్సర్ పెట్టె చుట్టూ నూనె జిడ్డు వేలు మందాన పేరుకుంది. పసుపు తీగ మాత్రం ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు తళతళలాడుతోంది. అంటే ప్రమాదం జరిగాకే ఎవరో తెచ్చి చుట్టారు. మూడు మెలికలు, కొస లోపలికి. ఆ మడత ఎక్కడో చూసినట్టే ఉంది గానీ ఎక్కడో గుర్తుకు రాలేదు.

"ఏం గురూ, నేల మీద ఏం వెతుకుతున్నావు?" అని వెనకనుంచి గొంతు వినబడింది.

తిరిగి చూడక్కర్లేదు. ప్రెస్సులు తయారుచేసే కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు. చెమటలు కారిపోతున్నా కోటు విప్పడు కాబట్టి కోటుబాబు. తొమ్మిదేళ్ళ క్రితందాకా వీళ్ళిద్దరూ ఆ కంపెనీలోనే పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని మిషన్ల చిప్పుల్లోకి ప్రోగ్రాములు రాసినవాళ్ళు. తర్వాత సారు ఆ ఉద్యోగానికో దండం పెట్టి ఇలా పరిశోధనలోకి వచ్చేశాడు. అప్పట్నుంచీ ఏ ప్రమాదం దగ్గర ఎదురుపడినా ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

కోటుబాబు వాదన తేలిక. తీగ ఉంది, తీగ కట్టానన్నవాడూ ఉన్నాడు, ఇంక గొడవెందుకు? ఒంటిగంటకి ఊరంతా కరెంటు తీసేస్తారు, రెండింటికిగానీ రాదు, ఈలోపు రిపోర్టు రాసేస్తే హాయిగా ఇంటికెళ్ళొచ్చు. సారు వినలేదు. తీగ పీకించి, గేటు బార్లా తెరిపించి, ప్రెస్సు కింద చెయ్యి ఉండే చోట ఒక చెక్క పెట్టించాడు. పని ఆపి జనం చుట్టూ మూగారు.

కోటుబాబు తనే ముందుకొచ్చి రీస్టార్ట్ బటన్ నొక్కాడు. ప్రెస్సు కదల్లేదు. గేటు తెరిచి ఉందని ఎర్రదీపం వెలిగింది. ఐదుసార్లు నొక్కాడు, ఐదుసార్లూ అంతే. "మా దగ్గర వెయ్యిసార్లు ఇలాగే చూసి పంపిస్తాం. తీగ లేకపోతే దిగదు. దీనికి స్టాప్‌వాచ్ కూడానా?" అన్నాడు. నలుగురు నవ్వారు. అన్న గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

"ఎప్పుడైనా కరెంటే తీసి చూశారా?" అని సారు అడిగాడు.

"బటన్ నొక్కినా అదే కదా."

"అదే అయితే నీకు భయమెందుకు?"

సారు అన్నని పిలిచి మెయిన్ దించమన్నాడు. ఒక నిమిషం ఆగారు. ఎత్తమన్నాడు. పచ్చదీపం వెలగ్గానే స్టాప్‌వాచ్ నొక్కాడు. రెండు సెకన్ల మీద ఒక్క పిసరు దాటిందో లేదో, ప్రెస్సు దభీమని దిగి చెక్కని రెండు ముక్కలు చేసింది. అన్న ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకుని, ఉన్నచోటే కూలబడి, "తీగ లేదు సార్, తీగ లేకుండానే దిగింది" అని చెప్పిందే చెప్పాడు.

సారు గెలిచాడు. ఆ గెలుపు రుచి ఆయనకి సరిగ్గా ఇరవై నిమిషాలు నోట్లో ఉంది.

ఒంటిగంటకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన సూపర్‌వైజర్ గదిలో కోటుబాబు బ్యాటరీ మీద లాప్‌టాప్ తెరిచాడు. అతని మొహంలో కంగారేమీ లేదు. అది చూసే సారుకి తొలిసారి అనుమానం తగిలింది.

రెండు నెలల క్రితం ప్రెస్సుల బూట్‌లోడర్‌ని మార్చింది తానేనని కోటుబాబు దాచకుండా చెప్పాడు. కరెంటు రాగానే మిషన్ని నిద్రలేపే చిన్న ప్రోగ్రాము అది. చిప్పులో కాష్ మెమరీ అని ఒకటుంది. తొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. అది లేకపోతే చిప్పు పరిస్థితి ఎలాంటిదంటే, ఫిట్టరు ఒక్కొక్క నట్టు కోసం స్టోరు దాకా నడిచెళ్ళి రావడం. అది ఉంటే గుప్పెడు నట్లు జేబులో వేసుకుని పని చేసుకోవడం. కోటుబాబు దాన్ని ఆన్ చేశాడు. పదకొండు సెకన్ల పని రెండు సెకన్లకి దిగింది. కంపెనీలో చప్పట్లు కొట్టారు, అతనికి శాలువా ఒకటే తక్కువ.

"చెయ్యకూడని పనేం చేశాను చెప్పు? ఉన్నదాన్ని వాడాను. ప్రపంచంలో అందరూ వాడుతున్నదే."

"వాడితే వాడావు. కరెంటొచ్చాక గేటు సెన్సర్ లేవడానికి అర సెకను పడుతుంది. లేచేదాకా అది గేటు మూసే ఉందని చెబుతుంది. బటన్ నొక్కితే సెన్సర్ నిద్రేపోదు, అందుకే నీ వెయ్యిసార్లలోనూ దొరకలేదు. అది లేచేదాకా ఆగకుండా ప్రెస్సుని ఎలా వదిలావు?"

"ఆగుతుంది గురూ. ఆగాలని ప్రోగ్రాములో రాసే ఉంది. నేను రాసింది కాదు. ఇదిగో చూడు." కోటుబాబు లాప్‌టాప్‌ని ఇటు తిప్పాడు.

సారు చూశాడు. ఒకే ఒక్క వరస. కరెంటు రాగానే సున్నా నుంచి 300417 దాకా లెక్కపెట్టు, తర్వాత ఒక్కసారి గేటు చూడు. అంతే. పక్కన ఎవరో రాసుకున్న మాట: తాత్కాలికం, తర్వాత టైమర్ పెట్టాలి.

ఆ ఎవరో తనే.

తల కొట్టేసినట్టయింది. అప్పట్లో చిప్పులో టైమర్ ఉంది. దాన్ని సిద్ధం చేయడానికి ఇంకో రెండు రోజులు కూర్చోవాలి. కూర్చునే ఓపిక లేక, చిప్పుచేత అంకెలు లెక్కపెట్టించి కాలం గడిపించాడు. మూడు లక్షలు లెక్కపెడితే దాదాపు ఒక సెకను అవుతోంది, సెన్సర్‌కి ఆ పాటి చాలు. ఆ పైన నాలుగు వందల పదిహేడు ఎందుకంటే, అప్పుడు ఆయన అద్దెకున్న గది నంబరు అది. చేసిన పని మీద తన గుర్తుండాలని కుర్రతనపు సరదా. ఆ మరుసటి నెలే ఉద్యోగం మానేశాడు. 'తర్వాత' అనే మాట తర్వాతకే ఉండిపోయింది. దాగుడుమూతల్లో కళ్ళు మూసుకున్నవాడు గబగబా లెక్కపెట్టేస్తే దాక్కునేవాళ్ళకి టైమెక్కడిది? కాష్ వచ్చాక ఆ మూడు లక్షల లెక్క సెకనులో పదోవంతుకే అయిపోతోంది. సెన్సర్ ఇంకా లేవకముందే మిషన్ గేటు చూసేసి, మూసే ఉందని నమ్మి, మిగతా పని ముగించుకుని రెండో సెకనుకి ప్రెస్సుని దించేసింది.

బటన్ నొక్కి చూసి సరేననుకునే అలవాటు కూడా ఆయన పెట్టిందే. ప్లగ్గు బల్ల కింద మూలన ఉండేది. పీకాలంటే వంగి దూరాలి. దానికి బద్ధకం.

జీవితమంతా పరాయివాళ్ళని సెకన్ల లెక్క అడిగినవాడికి తన సెకను లెక్క అడిగేవాడు ఎదురుగా కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక లాప్‌టాప్ పక్కన పడున్న ఛార్జర్ వైరు మీద పెట్టాడు. చుట్ట చుట్టిన ఆ వైరుకి ఒక పసుపు తీగ కట్టి ఉంది. మూడు మెలికలు, కొస లోపలికి మడిచి. ఆరేళ్ళు పక్క బల్ల మీద చూసిన మడత.

"గేటుకి తీగ కట్టింది నువ్వు," అన్నాడు నెమ్మదిగా.

"లెక్క రాసింది నువ్వు," అన్నాడు కోటుబాబు అంతకంటే నెమ్మదిగా. తర్వాత ముందుకు వంగి, చాలా మర్యాదగా, బేరం పెట్టాడు. మంగళవారం మూడింటికి వచ్చి చెక్క పెట్టకుండానే సంగతి కనిపెట్టేశాడట. ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాము సరిచేసి పంపేద్దామనుకున్నాడట. ఈలోగా జనం నోరు మూయించడానికి తీగ. చెక్క విరిగింది నిజమే, దానికి ఇంకేదో కారణం చెప్పుకోవచ్చు. అన్న ఎలాగూ ఒప్పుకున్నాడు, ఒప్పుకోలు వెనక్కి తీసుకోడు. "నీ పేరూ ఉండదు, నా పేరూ ఉండదు. నువ్వు మూడు ప్రశ్నలు అడగలేదనుకో, చాలు."

ఇక్కడ సారు లేచి బల్ల గుద్దాడని చెప్పాలని ఎవరికైనా ఉంటుంది. గుద్దలేదు. నోరు మూసుకుని కూర్చున్నాడు. పెన్ను తీసి, పుస్తకంలో 'కారణం: తీగ' అని రాశాడు కూడా. కోటుబాబు బేరం ముగించగానే అలవాటుకొద్దీ చేతిలో స్టాప్‌వాచ్ నొక్కినట్టున్నాడు, అది తిరుగుతూనే ఉంది. నాలుగు నిమిషాల పది సెకన్లు. అంతసేపూ ఆయన ఆలోచించింది వేళ్ళు పోయిన అమ్మాయి గురించి కాదు, అన్న గురించి కాదు. ఈ సంగతి తెలిస్తే సెకన్ల సారు అనే పేరు ఏమైపోతుందన్న ఒక్కదాని గురించే. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా లెక్క రాసినందుకంటే ఆ నాలుగు నిమిషాలకే ఆయనకి ఎక్కువ సిగ్గేసేది.

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. సెలవు కాగితం మీద సంతకం పెట్టడానికి ఆసుపత్రి నుంచి పిలిపించారట. కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టుతో లావుగా ఉంది. ఎడమచేత్తో కాగితం పట్టుకుని, సూపర్‌వైజర్ లేడా అని అడిగింది. ఆమె వెనక గుమ్మంలో అన్న, లోపలికి రావాలా వద్దా అని నిలబడిపోయాడు. ఆమె అతనివైపు తిరగలేదు. కాగితం బల్ల మీద పరిచి, పెన్ను ఎడమచేతిలోకి తీసుకుని రెండుసార్లు ప్రయత్నించింది. మొదటి అక్షరమే ఎటో పోయింది. చిన్నపిల్లలు గీసినట్టుందని తనే నవ్వబోయి ఆగిపోయింది.

సారు పుస్తకంలో ఆ పేజీ చింపేశాడు.

"అమ్మా, కాసేపు కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి."

కోటుబాబు లేచి నిలబడి, బుద్ధుందా అన్నట్టు చూశాడు. సారు అటు చూడలేదు. మీ అన్న తీగ కట్టలేదని, అది కట్టింది ఈ కోటాయనేనని, తీగ లేకుండానే ప్రెస్సు దిగిందని వరసగా చెప్పుకొచ్చాడు. తర్వాత, ఎందుకు దిగిందో. టైమర్ పెట్టని బద్ధకం, గది నంబరు, తొమ్మిదేళ్ళు, ఇందాకటి నాలుగు నిమిషాలు, అన్నీ చెప్పాడు.

"మీ అన్న పదకొండు సెకన్లుంటాయని నమ్మి హ్యాండిల్ ఎత్తాడమ్మా. ఆ నమ్మకం తప్పని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళం మేం. ముందు నేను."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె గుమ్మం వైపు తిరిగి మూడు రోజుల తర్వాత అన్న మొహంలోకి చూసింది. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు రెండే సెకన్లనిపించింది అన్నయ్యా. నొప్పిలో అలా అనిపించిందేమో అనుకున్నా," అంది. తర్వాత సారు వైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో అడిగింది.

"ఈ లెక్క ఇంకెన్ని మిషన్లలో ఉంది సార్?"

సారు కోటుబాబు వైపు చూశాడు. కోటుబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అరవై రెండు," అన్నాడు గొణుగుతూ. "కొత్త ప్రోగ్రాము సోమవారమే అన్నింటికీ వెళ్ళింది. అన్నీ ఈ చుట్టుపక్కల షెడ్లలోనే."

తలపైన ఫ్యాను కదలకుండా వేలాడుతోంది. ఒంటిగంట నుంచి ఊరంతా కరెంటు లేదు. ప్రెస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. రేకులన్నీ ఎక్కడివక్కడ ఇరుక్కుని ఉన్నాయి. ఒకటీ యాభై ఒకటి అయింది.

"రెండింటికి ఇస్తారు. పచ్చదీపం చూసి పది లెక్కపెట్టుకోవచ్చని అందరూ చేతులు పెట్టే ఉంటారు," అన్నాడు అన్న.

అరవై రెండు చోట్లకి ఫోన్ చేయడానికి తొమ్మిది నిమిషాలు చాలవు. అన్న అప్పటికే సబ్‌స్టేషన్ నంబరు నొక్కుతున్నాడు. కోటుబాబు అడ్డం వచ్చి, రెండు రోజులు ఆగితే అన్నీ తానే సరిచేస్తానని, ఇప్పుడు ఫోన్ చేస్తే ఇద్దరి బతుకులూ బజారున పడతాయని సారుని బతిమాలాడు. చెల్లెలు ఎడమచేత్తో అతని కోటు పట్టుకుని పక్కకి లాగింది. సారు ఫోన్ అందుకున్నాడు.

అవతల డ్యూటీలో ఉన్నాయన భోజనం మధ్యలో లేచినట్టున్నాడు. రెండింటికి లైను ఇవ్వొద్దంటే పకపకా నవ్వాడు. రెండింటికి ఇవ్వకపోతే తన ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఎవరు చెబితే ఆపాలి, ఏ ఆఫీసరు, ఏ అధికారంతో అని విసుక్కున్నాడు. ఊరంతటికీ కరెంటు ఆపమనడానికి అసలు మీరెవరండీ అని నిలదీశాడు.

సారు చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా తిరుగుతోంది. దాన్ని బల్ల మీద పెట్టేశాడు. ముగ్గురూ తన మొహంలోకే చూస్తున్నారు. ఈసారి ఆయన చూపు దించుకోలేదు.

"ఆ ప్రెస్సులకి తప్పు లెక్క రాసినవాణ్ణి మాట్లాడుతున్నాను. నా పేరు రాసుకోండి," అన్నాడు.